ఉక్కు కొలిమి నుంచి మంచు ఖండం దాకా: ఇందిరా గాంధీ ప్రకృతి ప్రస్థానం

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): ఉక్కు నగరం భిలాయ్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మైత్రీ బాగ్ సుపరిచితమైన పేరు. ఆదివారం పిల్లలను వెంటబెట్టుకుని తెల్ల పులులను చూపించేందుకు వెళ్లే జంతు ప్రదర్శనశాల అది. భారత్, సోవియట్ యూనియన్‌ల స్నేహానికి గుర్తుగా భిలాయ్ ఉక్కు కర్మాగారం దానిని 1972లో నెలకొల్పింది. ఇదే పేరు భూగోళం అడుగున మరొక చోట కూడా వినిపిస్తుంది. అంటార్కిటికాలోని షిర్మాకర్ ఒయాసిస్‌లో, ఒకనాటి సోవియట్ స్థావరం నోవోలజరెవ్‌స్కాయాకు చేరువలో ఉన్న భారత పరిశోధనా కేంద్రం పేరు మైత్రి.

ఒకటి బొగ్గును మండించి ఇనుమును కరిగించే ఊరు. మరొకటి ఆ బొగ్గు పొగ ఫలితాన్ని మంచులో కొలిచే స్థావరం. ఈ రెండు ప్రపంచాలతోనూ ముడిపడిన రాజకీయ జీవితం ఇందిరా గాంధీది. ఉక్కు, బొగ్గు ఉత్పత్తిని పెంచడం తన బాధ్యతగా భావించిన ప్రధానమంత్రి ఆమె. పులిని, తాబేలును, సముద్ర తీరాన్ని, మంచు ఖండాన్ని ప్రభుత్వ దస్త్రాల్లోకి తెచ్చిన ప్రధాని కూడా ఆమే. ఈ రెండు కర్తవ్యాల మధ్య ఘర్షణ ఆమె పాలన పొడవునా సాగింది. ఆమె మరణించి నాలుగు దశాబ్దాలు గడిచినా ఆ ఘర్షణకు పరిష్కారం లభించలేదు.

రాళ్ల భాష నేర్పిన ఉత్తరాలు

ఇందిర 1917 నవంబర్ 19న అలహాబాద్‌లో జన్మించారు. ఇల్లు స్వాతంత్ర్యోద్యమ కేంద్రం. తండ్రి జవహర్‌లాల్ నెహ్రూ తరచూ జైలులోనో, పర్యటనల్లోనో ఉండేవారు. తల్లి కమల అనారోగ్యంతో బాధపడేవారు. తోబుట్టువులు లేని ఆ బాలికకు తండ్రి సాన్నిధ్యం ఎక్కువగా ఉత్తరాల రూపంలోనే దొరికింది.

1928 వేసవిలో పదేళ్ల ఇందిర ముస్సోరీలో ఉండగా నెహ్రూ అలహాబాద్ నుంచి వరుసగా లేఖలు రాశారు. మరుసటి ఏడాది అవి పుస్తకంగా వెలువడ్డాయి. రాజుల కథలతో కాక భూమి పుట్టుకతో ఆ లేఖలు మొదలవుతాయి. ఏటి ఒడ్డున గుండ్రంగా అరిగిన రాయి తన చరిత్రను తానే ఎలా చెబుతుందో, తొలి జీవులు ఎలా ఉద్భవించాయో, ఒకప్పుడు మంచు ఎంత విశాలమైన నేలను కప్పివేసిందో ఆయన సరళంగా వివరించారు. ప్రకృతిని ఒక గ్రంథంగా చదవవచ్చునన్న ఆలోచన ఆ వయసులోనే ఆమె మనసులో నాటుకుంది.

తరువాత శాంతినికేతన్‌లో కొంతకాలం చదువుకున్నారు. యూరప్‌లో చదువు, తల్లి మరణం, ఆపై తన సొంత అనారోగ్యంతో స్విట్జర్లాండ్ కొండల్లోని ఆరోగ్య కేంద్రంలో గడిపిన నెలలు ఆమెను ఒంటరితనానికీ, పర్వతాలకూ అలవాటు చేశాయి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ రాసిన భారతీయ పక్షుల గ్రంథం తండ్రి కానుకగా ఆమె చేతికి అందింది. స్వాతంత్ర్యానంతరం ఢిల్లీలో పక్షి వీక్షకుల సంఘం ఏర్పడినప్పుడు తొలి సభ్యుల్లో ఆమె ఒకరు. సలీం అలీతో పరిచయం జీవితాంతం కొనసాగింది. తరువాతి కాలంలో ప్రధాని కార్యాలయానికి ఆయన రాసిన ఉత్తరాలు బుట్టదాఖలు కాలేదు. పలుమార్లు అవి ఆదేశాలుగా మారాయి.

1959: రెండు ఘట్టాలు

నెహ్రూ హయాంలో భారత్ రెండు దిక్కులకు చూసింది. మొదటిది పారిశ్రామికీకరణ. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ సమీపంలో 10 లక్షల టన్నుల సామర్థ్యంతో ఉక్కు కర్మాగారానికి రూపకల్పన జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ భిలాయ్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దల్లీ రాజహరా గనుల ఎర్ర మన్ను, కోక్ బొగ్గు, సున్నపురాయి కలిసి కరిగిన లోహమై ప్రవహించాయి. దేశం నలుమూలల నుంచి, ముఖ్యంగా ఉత్తరాంధ్ర పల్లెల నుంచి, ఉపాధి కోసం వచ్చిన వారితో సెక్టార్లు నిండాయి. రైలు పట్టాల తయారీ భిలాయ్‌కి గుర్తింపు తెచ్చింది.

రెండవ దిక్కు అంటార్కిటికా. 1956లోనే భారత్ ఆ ఖండం విషయాన్ని ఐక్యరాజ్యసమితి చర్చనీయాంశాల్లో చేర్చాలని కోరింది. జనావాసం లేని ఆ నేల యుద్ధ ప్రయోగాలకు కాక శాంతియుత ప్రయోజనాలకే ఉపయోగపడాలన్నది నాటి భారత వాదన. ఆ భూభాగంపై హక్కులు ప్రకటించుకున్న దేశాలు వ్యతిరేకించడంతో ప్రతిపాదనను ఉపసంహరించుకోవలసి వచ్చింది. 1958లో జరిగిన మరో ప్రయత్నానిదీ అదే గతి. భిలాయ్ కొలిమి వెలిగిన 1959లోనే, డిసెంబర్ 1న, 12 దేశాలు వాషింగ్టన్‌లో అంటార్కిటిక్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఆ జాబితాలో భారత్ లేదు. తండ్రి కాలంలో మూసుకున్న ఆ తలుపు తెరుచుకోవడానికి కుమార్తె పాలన వరకు వేచి ఉండవలసి వచ్చింది.

ఉక్కు ప్రధాని, పులి ప్రధాని

1966 జనవరి 24న ఇందిరా గాంధీ ప్రధానిగా బాధ్యతలు స్వీకరించేనాటికి దేశం కరవుతో, ఆహార ధాన్యాల కొరతతో సతమతమవుతోంది. ఆ మరుసటి ఏడాది భిలాయ్ సామర్థ్యం 25 లక్షల టన్నులకు చేరింది. ప్రజాందోళన, ప్రాణత్యాగాల అనంతరం 1971 జనవరి 20న విశాఖ ఉక్కు కర్మాగారానికి ఆమె శంకుస్థాపన చేశారు. 1971-73 మధ్య బొగ్గు గనులు జాతీయమయ్యాయి. 1973లో భారత ఉక్కు ప్రాధికార సంస్థ ఏర్పడి, తదనంతరం భిలాయ్ దాని ప్రధాన కర్మాగారాల్లో ఒకటైంది. అదే ఏడాది చమురు ధరలు విపరీతంగా పెరగడంతో బొగ్గుపై దేశం ఆధారపడటం మరింత పెరిగింది. ఆనాడు అభివృద్ధి అంటే పొగగొట్టమే. ఆ విశ్వాసంలో ఆమెకు మినహాయింపు లేదు.

ఇదే కాలంలో మరొక ధార కూడా సాగింది. 1969 నవంబర్‌లో ప్రకృతి పరిరక్షణపై అంతర్జాతీయ సంఘం సర్వసభ్య సమావేశం ఢిల్లీలో జరిగింది. పులుల సంఖ్య ప్రమాదకరంగా పడిపోయిందన్న హెచ్చరిక అక్కడ బలంగా వినిపించింది. పులుల వేటపై నిషేధం, 1972 సెప్టెంబర్‌లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ వరుసగా వచ్చాయి. విదేశీ మారకం కోసం పులి చర్మాలు ఎగుమతి చేయాలనే వాదనకు ఆమె తలొగ్గలేదు.

1972 జూన్‌లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ మహాసభ జరిగింది. ఆతిథ్య దేశమైన స్వీడన్ ప్రధాని ఒలోఫ్ పామే కాక హాజరైన ఏకైక ప్రభుత్వాధినేత ఇందిరా గాంధీ. జూన్ 14న చేసిన ప్రసంగంలో ఆమె ఒక కఠిన ప్రశ్నను ప్రపంచం ముందుంచారు. ఆకలితో, లేమితో ఉన్న ప్రజల నిత్యావసరాలు తీర్చకుండా అడవిని, నదిని కాపాడమని వారికి ఎలా చెప్పగలమన్నది దాని సారాంశం. పేదరికమే కాలుష్యానికి కారణమని ఆమె అన్నట్లు తరువాతి కాలంలో పలువురు కుదించి చెప్పారు. నిజానికి ఆ వాదన రెండు వైపులా పదునైనది. వనరులను విచ్చలవిడిగా వాడుకుని సంపన్నమైన దేశాలు పేద దేశాలకు నీతులు చెప్పడాన్ని ఆమె తప్పుపట్టారు. ప్రకృతిని ధ్వంసం చేసి సాధించిన అభివృద్ధి నిలవదని కూడా అంగీకరించారు. వాతావరణ చర్చల్లో వర్ధమాన దేశాలు నేటికీ వినిపించే వాదనకు మూలాలు అక్కడే ఉన్నాయి.

ఎమర్జెన్సీ నీడ

ఆమె పర్యావరణ కృషిని ఎమర్జెన్సీ నుంచి విడదీసి చూడటం సాధ్యం కాదు. 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి వరకు పౌరహక్కులు స్తంభించాయి. ప్రతిపక్ష నాయకులు జైళ్ల పాలయ్యారు. పత్రికలపై ఆంక్షలు, బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు ప్రజాస్వామ్యాన్ని గాయపరిచాయి. ఆ చీకటి రోజుల్లోనే, 1976లో, వివాదాస్పదమైన 42వ రాజ్యాంగ సవరణ వచ్చింది. న్యాయస్థానాల అధికారాలను కుదించిన ఆ సవరణే పర్యావరణ పరిరక్షణను రాజ్య కర్తవ్యంగా, పౌరుల ప్రాథమిక విధిగా రాజ్యాంగంలో చేర్చింది. అడవులు, వన్యప్రాణులు ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి. ఆ సవరణలోని అనేక అంశాలను తరువాతి ప్రభుత్వం తొలగించింది. పర్యావరణ నిబంధనలు మాత్రం నిలిచాయి. దశాబ్దాల తరువాత నదులు, గాలి, అడవుల కోసం న్యాయస్థానాలను ఆశ్రయించిన పౌరులకు అవే ఆధారమయ్యాయి.

1977 ఎన్నికల్లో ప్రజలు ఆమెను ఓడించారు. మూడేళ్ల తరువాత మళ్లీ అధికారం అప్పగించారు.

మెదక్ ఎంపీ, మహాసముద్ర శాఖ

1980 జనవరి ఎన్నికల్లో ఇందిరా గాంధీ ఉత్తరప్రదేశ్‌లోని రాయ్‌బరేలీ, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ స్థానాల నుంచి గెలిచారు. రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌ను అట్టిపెట్టుకున్నారు. మరణించే వరకు ఆమె మెదక్ ఎంపీయే. అంటే సముద్రాలు, మంచు ఖండం గురించి ఆమె తీసుకున్న నిర్ణయాలన్నీ సముద్రం కనిపించని ఒక తెలంగాణ నియోజకవర్గ ప్రతినిధిగా ఉండగా తీసుకున్నవే.

రెండవ విడత పాలనలో పర్యావరణ పాలనకు వ్యవస్థాగత రూపం వచ్చింది. 1980లో అటవీ సంరక్షణ చట్టం, అదే ఏడాది నవంబర్‌లో పర్యావరణ శాఖ, 1981లో వాయు కాలుష్య నియంత్రణ చట్టం వెలువడ్డాయి. 1981 జూలైలో మహాసముద్ర అభివృద్ధి శాఖ ఏర్పడింది. దానిని ఆమె తన అధీనంలోనే ఉంచుకున్నారు. గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థకు సారథ్యం వహించిన సముద్ర జీవశాస్త్రవేత్త సయ్యద్ జహూర్ ఖాసిం ఆ శాఖ కార్యదర్శి అయ్యారు.

1981 నవంబర్ 27న తీరప్రాంత రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఆమె ఒక లేఖ రాశారు. పోటు నీటి గరిష్ఠ హద్దు నుంచి 500 మీటర్ల వరకు తీరాన్ని ఎటువంటి నిర్మాణాలు, కార్యకలాపాలు లేకుండా కాపాడాలని అందులో సూచించారు. చట్టబలం లేని ఆ ఉత్తరమే పదేళ్ల తరువాత, 1991 ఫిబ్రవరిలో జారీ అయిన తీరప్రాంత క్రమబద్ధీకరణ నోటిఫికేషన్‌కు పునాది అయింది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు తీర గ్రామాల్లో ఇల్లు, రొయ్యల చెరువు, హోటల్, ఓడరేవు ఏది కట్టాలన్నా ఇప్పటికీ ఎదురయ్యే నిబంధనల మూలం అదే.

ఒడిశా తీరంలో గుడ్లు పెట్టేందుకు వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లను వేలాదిగా పట్టి మాంసం కోసం తరలిస్తున్న వైనం 1980ల ఆరంభంలో ఛాయాచిత్రాలతో సహా వెలుగులోకి వచ్చింది. వాటి రక్షణకు తీర రక్షక దళాన్ని రంగంలోకి దించడంలో ప్రధాని జోక్యం కీలకమైంది. అదే జాతి తాబేళ్లు ఆంధ్ర తీరంలోనూ ఇసుక తిన్నెలను వెతుక్కుంటూ వస్తాయి.

రహస్యంగా సాగిన గంగోత్రి

ఆ శాఖ చేపట్టిన పనుల్లో సాహసోపేతమైనది అంటార్కిటికా యాత్ర. అంతకుముందు కొద్దిమంది భారతీయులు ఇతర దేశాల బృందాలతో కలిసి ఆ ఖండానికి వెళ్లారు. అహ్మదాబాద్ భౌతిక పరిశోధనా ప్రయోగశాలకు చెందిన పరమ్‌జీత్ సింగ్ సెహ్రా 1971-73లో సోవియట్ యాత్రా బృందంతో అక్కడి శీతకాలం గడిపారు. భారత్ సొంతంగా యాత్ర చేపట్టడం మాత్రం అదే మొదలు.

ఆపరేషన్ గంగోత్రి పేరుతో సన్నాహాలు గుట్టుగా సాగాయి. నార్వే నుంచి అద్దెకు తీసుకున్న పోలార్‌సర్కిల్ నౌకలో ఖాసిం నాయకత్వాన 21 మంది బృందం 1981 డిసెంబర్ 6న గోవా తీరం విడిచింది. గర్జించే నలభయ్యో అక్షాంశాల తుపానులను, తేలియాడే మంచు దిబ్బలను దాటుకుని 1982 జనవరి 9న ఆ ఖండంపై అడుగుపెట్టింది. విషయం బహిర్గతమైనప్పుడు దేశం ఆశ్చర్యపోయింది. వాతావరణ పరికరాలను నెలకొల్పి, మంచు, శిలలు, సముద్ర జలాల నమూనాలు సేకరించి ఆ బృందం ఫిబ్రవరి 21న గోవాకు తిరిగి చేరింది. ఆ యాత్ర మొత్తం 77 రోజులు సాగింది.

1983-84లో మూడవ యాత్ర బయలుదేరింది. దానికి నాయకుడు హర్ష్ గుప్తా. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థలో సుదీర్ఘకాలం పనిచేసి, తరువాత దానికే డైరెక్టర్ అయిన శాస్త్రవేత్త ఆయన. సైనిక ఇంజినీర్ల శ్రమతో ఒకే అంటార్కిటిక్ వేసవిలో తేలియాడే మంచు పలకపై దక్షిణ గంగోత్రి శాశ్వత కేంద్రం నిర్మాణమైంది. అదితి పంత్, సుదీప్తా సేన్‌గుప్తా ఆ యాత్రలో పాల్గొని ఆ ఖండాన్ని చేరిన తొలి భారతీయ మహిళా శాస్త్రవేత్తలయ్యారు. వేసవి ముగిసి నౌక వెనుదిరిగాక 12 మంది అక్కడే ఉండిపోయారు. నెలల తరబడి సూర్యుడు కనిపించని చీకటిలో శీతకాలాన్ని గడిపిన తొలి భారత బృందం వారిదే.

ఆకలి తీరని దేశానికి అంత దూరపు మంచుతో పనేమిటన్న ప్రశ్న ఆనాడు వినిపించింది. దానికి శాస్త్రవేత్తల వద్ద సమాధానం ఉంది. సుమారు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్ల ఆ ఖండంలో దాదాపు 98 శాతాన్ని మంచు కప్పి ఉంది. దానిని చుట్టుముట్టిన దక్షిణ మహాసముద్రం వేడిని, బొగ్గుపులుసు వాయువును పెద్దఎత్తున పీల్చుకుంటుంది. అక్కడి చల్లని భారజలాలు అడుగుకు దిగి మిగిలిన సముద్రాల లోతుల్లోకి పాకుతాయి. మూడు వైపులా సముద్రం, వర్షాకాలంపై ఆధారపడిన సేద్యం ఉన్న దేశం ఈ వ్యవస్థను అర్థం చేసుకోకుండా ఉండలేదు.

ఒకే నేల రెండు ముక్కలు

భూవిజ్ఞానపరంగా చూస్తే ఆ ఖండం మనకు పరాయిది కాదు. కోట్ల ఏళ్ల క్రితం భారత్, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాలు ఒకే మహాఖండంలో భాగాలు. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన గోండ్వానా అనే పేరు మధ్య భారతంలోని గోండుల సీమ నుంచి వచ్చింది. ఆ ఆదివాసులు నేటికీ ఛత్తీస్‌గఢ్‌లోనూ, ఆదిలాబాద్ అడవుల్లోనూ నివసిస్తున్నారు. విశాఖ కొండల్లో కనిపించే ఖోండలైట్, చార్నకైట్ శిలల కొనసాగింపు తూర్పు అంటార్కిటికాలో లభించింది. గోదావరి లోయ బొగ్గు పొరల్లో దొరికే గ్లాసోప్టెరిస్ ఆకుల శిలాజాలు అక్కడి బొగ్గులోనూ ఉన్నాయి. నేటి మంచు ఎడారి ఒకనాడు పచ్చని అడవి అనడానికి అవి సాక్ష్యం. తండ్రి 1928లో రాసిన ఉత్తరాల్లోని రాళ్ల భాష, అర్ధ శతాబ్దం తరువాత కుమార్తె పంపిన బృందాల పరిశోధనాంశమైంది.

ఒప్పందం లోపలికి

1983 ఆగస్టు 19న భారత్ అంటార్కిటిక్ ఒప్పందంలో చేరింది. సెప్టెంబర్ 12న సంప్రదింపుల హోదా, అంటే నిర్ణయాల్లో ఓటు హక్కు లభించింది. ఈ నిర్ణయం విమర్శకు అతీతం కాలేదు. ఆ ఖండం మానవాళి ఉమ్మడి ఆస్తి కావాలనీ, కొద్ది దేశాల కూటమి దానిని శాసించరాదనీ మలేసియా వంటి దేశాలు ఐక్యరాజ్యసమితిలో వాదిస్తున్న కాలమది. అలీన ఉద్యమానికి అప్పుడు ఇందిరా గాంధీయే అధ్యక్షురాలు. తోటి దేశాల వెంట బయట నిలబడి నిరసించడం కన్నా లోపల కూర్చుని నియమాలను ప్రభావితం చేయడం మేలన్న వ్యావహారిక దృష్టి ఆమెది.

ఖనిజాల మీద ఆశ ఆనాడు ఎవరికీ లేకపోలేదు. చమురు, లోహాలు, క్రిల్ రొయ్యల వేట గురించిన ఊహాగానాలు జోరుగా సాగేవి. 1981 జనవరి 26న భారత పరిశోధనా నౌక గవేషణి సముద్ర గర్భం నుంచి బహుళ లోహ గుండ్లను వెలికితీసింది కూడా. కనుక ఇందిర మంచు ఖండ విధానాన్ని కేవలం ప్రకృతి ప్రేమగా చిత్రించడం సత్యదూరం. విజ్ఞానం, దేశ ప్రతిష్ఠ, వనరులపై వాటా, పరిరక్షణ అనే నాలుగు లక్ష్యాలూ అందులో కలిసే ఉన్నాయి.

మూల్యం చెల్లించినవారు

ఆమె పర్యావరణ విధానాలకు పేదలు చెల్లించిన మూల్యం కూడా చరిత్రలో భాగమే. సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరివచ్చే తెల్ల కొంగలకు ఆశ్రయమైన భరత్‌పూర్ చిత్తడి నేలలు 1980ల ఆరంభంలో జాతీయ ఉద్యానం అయ్యాయి. పశువుల మేతపై నిషేధం విధించడంతో 1982లో గ్రామస్థులు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో పలువురు ప్రాణాలు కోల్పోయారు. గేదెలు మేయకపోవడంతో గడ్డి విపరీతంగా పెరిగి చిత్తడికే హాని జరిగిందని తరువాతి అధ్యయనాలు తేల్చాయి. సైబీరియా కొంగలు 2002 తరువాత అక్కడ కనిపించలేదు. పులుల అభయారణ్యాల నుంచి తరలించిన ఆదివాసుల కథలూ ఇటువంటివే. ప్రజలను పక్కన పెట్టి ప్రకృతిని కాపాడలేమని స్టాక్‌హోంలో చెప్పిన నాయకురాలి పాలనలోనే ఈ లోపం చోటుచేసుకుంది.

సొంత నియోజకవర్గం మరొక పాఠం. ఉపాధి పేరుతో మెదక్ జిల్లా పటాన్‌చెరు పరిసరాల్లో పరిశ్రమలు విస్తరించాయి. రసాయన వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరా వైపు ప్రవహించి, పొలాలను, బావులను పాడుచేశాయి. రైతుల పోరాటం చివరకు సుప్రీంకోర్టుకు చేరింది. కేరళలోని సైలెంట్ వ్యాలీలో జలవిద్యుత్ పథకాన్ని ఆపించి వర్షారణ్యాన్ని నిలిపిన ప్రధాని, తనను గెలిపించిన నేలలోని వాగును కాపాడే వ్యవస్థను నెలకొల్పలేకపోయారు. చట్టాలు ఢిల్లీలో పుట్టినంత వేగంగా పారిశ్రామికవాడల గేట్ల వద్దకు చేరలేదు.

ఆమె చూడని ఫలితాలు

1984 అక్టోబర్ 31న ఢిల్లీలోని తన నివాస ప్రాంగణంలో ఇందిరా గాంధీ అంగరక్షకుల తూటాలకు బలయ్యారు. ఆ తరువాతి రోజుల్లో ఢిల్లీతో సహా పలుచోట్ల సిక్కులపై జరిగిన హత్యాకాండ దేశానికి మరో మాయని గాయాన్ని మిగిల్చింది. మరో నెల గడిచీ గడవకముందే భోపాల్ విషవాయువు వేలాది మందిని బలిగొంది. సైలెంట్ వ్యాలీ జాతీయ ఉద్యానంగా ప్రకటితమైంది ఆమె మరణించిన రెండు వారాలకు.

అంటార్కిటికా తన అసలు సందేశాన్ని వెల్లడించింది కూడా ఆ తరువాతే. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఆ ఖండంపై ఓజోన్ పొరకు పడిన చిల్లును ప్రకటించారు. ఆ దశాబ్ది రెండో భాగంలో సోవియట్ స్థావరం వోస్తోక్ వద్ద తవ్వితీసిన మంచు స్తంభం మరింత లోతైన రహస్యం చెప్పింది. వేల ఏళ్ల క్రితం మంచులో చిక్కుకున్న గాలి బుడగలను ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి విశ్లేషించగా, గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిన కాలాల్లో భూమి వేడెక్కిందనీ, తగ్గిన కాలాల్లో చల్లబడిందనీ తేలింది. భిలాయ్ కొలిమిని నిలబెట్టడంలో చేయందించిన దేశమే, కొలిములు వదిలే వాయువు చరిత్రను మంచులోంచి తవ్వి తీయడంలోనూ పాలుపంచుకుంది.

బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో టన్ను ఉక్కు తయారీకి సుమారు 2 టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఇనుప రాతిలోని ప్రాణవాయువును విడదీయడానికి కోక్‌లోని కర్బనమే సాధనం కావడం దీనికి కారణం. కనుక పొగగొట్టానికి జల్లెడ కట్టినంత మాత్రాన సమస్య తీరదు. మానవ కార్యకలాపాలతో వెలువడే ఈ వాయువులో దాదాపు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయి. ఫలితంగా సముద్ర జలాల ఆమ్లత పెరిగి, గుల్లలు కట్టుకునే సూక్ష్మజీవుల మనుగడ కష్టమవుతోంది. సముద్రపు మంచు అడుగున పెరిగే నాచును తిని క్రిల్ బతుకుతుంది. క్రిల్‌ను తిని పెంగ్విన్లు, సీళ్లు, తిమింగలాలు బతుకుతాయి. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలో మంచు ముందుగానే విరిగిపోవడంతో, ఈకలు పూర్తిగా రాని ఎంపరర్ పెంగ్విన్ పిల్లలు పెద్ద సంఖ్యలో నశించాయి. మంచు కరిగి పెరిగే నీటిమట్టం కృష్ణా, గోదావరి డెల్టాల ముంగిటికీ వస్తుంది.

ఆమె నాటిన వ్యవస్థలు మాత్రం ఎదిగాయి. ఖనిజ తవ్వకాలను నిషేధిస్తూ 1991లో మాడ్రిడ్‌లో కుదిరిన పర్యావరణ ఒడంబడికలో భారత్ భాగస్వామి అయింది. దక్షిణ గంగోత్రి కొన్నేళ్లకే మంచులో కూరుకుపోయింది. ఆ అనుభవంతో 1989లో మైత్రిని మంచు లేని రాతి నేలపై నిర్మించారు. ఒకప్పుడు భారత తూర్పు తీరాన్ని ఆనుకుని ఉన్నదని భావించే లార్స్‌మన్ కొండల వద్ద 2012లో భారతి కేంద్రం వచ్చింది. ఉత్తర ధ్రువం వైపు స్వాల్‌బార్డ్‌లో 2008 నుంచి హిమాద్రి పనిచేస్తోంది. హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం సునామీ హెచ్చరికలు, మత్స్యకారులకు చేపల జాడ సమాచారం అందిస్తోంది. 2022లో పార్లమెంటు భారత అంటార్కిటిక్ చట్టాన్ని ఆమోదించింది.

ఇందిరా గాంధీ వదిలి వెళ్లిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. భిలాయ్‌లో ఉక్కు ఆగిపోతే వేలాది కుటుంబాల జీవనం, దేశపు రైలు మార్గాలు ఆగిపోతాయి. ఉక్కు ఇదే పద్ధతిలో సాగితే మంచు నిలవదు. హైడ్రోజన్‌తో ఇనుము తీయడం, తుక్కు ఇనుమును విద్యుత్ కొలిమిలో కరిగించడం వంటి మార్గాలు ప్రపంచంలో మొదలయ్యాయి. వాటి ఖర్చు ఎవరు భరించాలన్నది 1972 నాటి స్టాక్‌హోం వాదనకు కొనసాగింపే. భిలాయ్ మైత్రీ బాగ్‌లో పిల్లలు తెల్ల పులిని చూసే సమయానికి, అంటార్కిటికాలోని మైత్రిలో శాస్త్రవేత్తలు గాలిని, మంచును కొలుస్తూనే ఉంటారు.